తల తెగిన టేపు

నర్సుల తెల్లకోటుకు కాలరు కుడుతున్న టైలరమ్మ కాళ్ళ కింద నేల ధన్‌మని మోగింది. మిషను మీది దారపు ఉండ దొర్లి గోడ దాకా పోయింది. ఆవిడ కుట్టు మధ్యలో వదిలేసి మెట్లవైపు నడిచింది. పోయినవారం మనం అక్కడ ఆగాం. ఆవిడ ఆ పదిహేను మెట్లూ దిగేలోపు, కథలోకి ఇప్పుడే అడుగుపెట్టిన వాళ్ళ కోసం నాలుగు ముక్కలు చెప్పేస్తాను.

ఆవిడ మొగుణ్ణి వీధిలో అందరూ ఇంజనీరు గారంటారు. ఆయన ఇంజనీరు కారు. నీటి సరఫరా ఆఫీసులో ఫైళ్ళ మీద ముద్రలు కొట్టే గుమాస్తా. ఫోనులో వీడియోలు చూసి కుళాయి బాగుచెయ్యబోయి రెండు రోజులు ఇల్లంతా చెరువు చేసిన నాడు పెళ్ళామే ఆ పేరు పెట్టింది. వెటకారానికి పెట్టిన పేరును ఆయన బిరుదనుకుని మోస్తున్నారు. పక్కింటి డాక్టరు తన గ్యారేజీలో కారును పైకెత్తే లిఫ్టు పెట్టించుకున్నప్పటినుంచి ఈయనకు కంటిమీద కునుకు లేదు. పులిని చూసి నక్క వాత పెట్టుకున్నట్టు, ముందు ఒక తుప్పు పట్టిన పాత కారు కొన్నారు. దాన్ని ఎత్తడానికి రెండు స్తంభాల లిఫ్టు తెప్పించారు. జీవితంలో ఒక్క టైరయినా మార్చిన చెయ్యి కాదది.

లిఫ్టు నిన్న దిగింది. దాన్ని బిగించే ఫిట్టరు ఈ ఉదయం వచ్చాడు. ఆ గ్యారేజీ నెత్తి మీద ఉన్న గదే టైలరమ్మ కుట్టుగది. మూడు మిషన్లు, ఒక కత్తిరింపు బల్ల, ఒక బీరువా, రోడ్డువైపు ఒక కిటికీ. ఇరవై రెండేళ్ళ కాపురంలో ఆవిడ 'నాది' అని నోరారా చెప్పుకోగలిగినది ఆ ఒక్క గదే. మూడో మిషను కొన్న రోజు ఇంజనీరు గారు గుండె పట్టుకుని సోఫాలో వాలిపోయారని, డాక్టరు పరుగెత్తుకొచ్చి చూసి గ్యాసని తేల్చాడని మీకు గుర్తుండే ఉంటుంది. గదికి కిటికీ పెట్టించిన రోజు కూడా అదే చోట, అదే సోఫాలో, అదే గుండె పట్టుకున్నారు. ఇప్పుడు మెట్లు అయిపోయాయి, పదండి.

గ్యారేజీ అంటే ఎంతనుకున్నారు? పాత కారు పెడితే ఇక మనిషి అడ్డంగా నడవాల్సిందే. ఒక మూల నీళ్ళ మోటారు, ఇంకో మూల ఎండిపోయిన రంగు డబ్బాలు, గోడకు చక్రం లేని సైకిలు. కారును వీధిలోకి తోసేసి, ఉన్న చోటులో ఫిట్టరు చెక్క దిమ్మల మీద రెండు స్తంభాలూ పడుకోబెట్టాడు. మొదటిదాన్ని గొలుసు పుల్లీతో లేపుతుంటే అది నిటారుగా నిలబడకముందే దాని తల వెళ్ళి పైకప్పుకు గుద్దుకుంది. గుద్దుకున్న చోట సున్నం పెచ్చు ఊడి ఇంజనీరు గారి నెత్తిన రాలింది. టైలరమ్మ వచ్చేసరికి ఆయన బట్టతల పిండిలో దొర్లించినట్టు తెల్లగా ఉంది.

"ఏమైంది?" అంది ఆవిడ.

"ఏమీ కాలేదు. నువ్వు పైకెళ్ళు" అన్నారాయన.

గ్యారేజీ వాకిట్లో ప్లాస్టిక్ కుర్చీ వేసుకుని అత్తగారు బఠాణీలు ఒలుస్తోంది. మోకాళ్ళ నొప్పులతో ఆవిడ మెట్లెక్కి ఆరేళ్ళయింది గాని, నాలిక్కి ఏ నొప్పీ లేదు. "కప్పు పొట్టిదయిందే. స్తంభం పొడుగయింది. మీ ఆయన బుర్ర మటుకు ఎప్పట్లాగే ఉంది" అంది, గింజ గిన్నెలో వేస్తూ.

ఫిట్టరు గొలుసు కట్టేసి, స్తంభాన్ని మళ్ళీ దిమ్మల మీదికి దించాడు. యాభై దాటిన మనిషి, మాట తక్కువ. నడుముకున్న స్టీలు టేపు తీసి నేలనుంచి కప్పుదాకా లాగి చూశాడు. ఇంకోచోట లాగాడు. మూడోచోట కూడా లాగి, టేపు సర్రుమని లోపలికి వదిలేశాడు.

"సార్, ఇది నూట ఆరు అంగుళాలు. స్తంభం నూట పన్నెండు. ఫోన్లో మూడుసార్లు అడిగాను, ఎత్తెంత అని. మీరు నూట పద్ధెనిమిదన్నారు."

"నూట పద్ధెనిమిదే. నా చేత్తో నేను కొలిచాను."

"మరి అడుగు ఎక్కడికి పోయింది సార్?"

"అది మీ లిఫ్టువాళ్ళను అడగాలి. లేకపోతే ఈ ఇల్లు కట్టిన మేస్త్రీని అడగాలి. ఒక పక్క ఎత్తు, ఒక పక్క వంపు. వెధవ పని!"

ఆడలేక మద్దెల ఓడన్నదట వెనకటికి ఒకావిడ. మేస్త్రీ పోయి పదేళ్ళయింది కాబట్టి ఏ నింద వేసినా లేచివచ్చి కాదనడు. టైలరమ్మకు నవ్వొచ్చింది. ఆ నవ్వు బయటికి రాకముందే ఇంజనీరు గారు తన అసలు ఆలోచన బయటపెట్టారు.

"ఇందులో కంగారు పడాల్సిందేం లేదు. పైన నేలకు రెండు కన్నాలు కొడదాం. స్తంభాల తలలు పైకెళ్తాయి. ఎంతని, ఆరంగుళాలు. దాని గదిలో రెండు పీటలు వేసినట్టుంటుంది, అంతే."

"నా గదిలోనా?" అంది టైలరమ్మ.

"నీ గది, నా గది ఏంటే? ఇల్లు ఒకటేగా."

ఫిట్టరు తల అడ్డంగా ఊపాడు. "కుదరదు సార్. ఒక స్తంభం సరిగ్గా దూలం పక్కన పడుతుంది. అక్కడ కోస్తే ఇల్లు ఒప్పుకోదు. అక్కడ డ్రిల్లు పెట్టినా ప్రమాదమే. లోపల ఇనప చువ్వ తగిలితే ములికి ఇరుక్కుంటుంది. అప్పుడు తిరిగేది డ్రిల్లు కాదు, పట్టుకున్న మనిషి. అయినా ఆరంగుళాలతో అయ్యేదీ కాదిది. కారు పైకి లేస్తే దాని టాపు కప్పుకు తగులుతుంది. అడుగున మనిషి వంగి దూరాలి. ఆ మాత్రానికి లిఫ్టెందుకు, జాకీ చాలదా?"

"అయితే నేలంతా తీసేద్దాం" అన్నారు ఇంజనీరు గారు, పాత చొక్కా తీసి మూలకు విసిరేద్దాం అన్నంత తేలిగ్గా. "డాక్టరు గ్యారేజీ అంతెత్తు వస్తుంది. ఆ గదిలో ఏముంది కనక? నాలుగు గుడ్డముక్కలు, రెండు సూదులు. అవెక్కడైనా పెట్టుకోవచ్చు."

టైలరమ్మకు కోపం రాలేదు. కోపం ఎదటివాడు కాస్తో కూస్తో మనిషయితే వస్తుంది. ఆవిడకు వచ్చింది రోత. ఈ ఇంట్లో ఆర్నెల్లు జీతం ఆగినప్పుడు నోట్లోకి ముద్ద వచ్చింది ఆ గుడ్డముక్కల్లోంచే. ఈయన తొడుక్కున్న చొక్కా కూడా ఆ రెండు సూదులే కుట్టాయి. చొక్కా గుండీ సరిగ్గా పెట్టుకోవడం చేతకాని మనిషి ఆ సూదుల గురించి మాట్లాడుతున్నాడు. శుక్రవారానికి నలభై తెల్లకోట్లు ఆస్పత్రికి చేరాలి. గది పోతే పని పోతుంది, పని పోతే ఆవిడ మళ్ళీ ఇరవై రెండేళ్ళ కిందటి కోడలవుతుంది. అది జరగనివ్వనని ఆవిడ అప్పటికప్పుడే అనుకుంది.

కాని ఆవిడ బుర్ర ఇంకోచోట తిరుగుతోంది. అడుగు. సరిగ్గా అడుగు. ఎక్కువా కాదు, తక్కువా కాదు. ఎడాపెడా కొలిచేవాడి తప్పు ఇంత తూచినట్టు ఉండదు. గోడవైపు చూసింది. నీళ్ళ మోటారు పైన, సున్నం మీద, పెన్సిలు గీత ఒకటి. గీత పక్కన వంకరగా '60' అని అంకె.

"ఆ గీత మీరే గీశారా?" అంది చాలా మెత్తగా.

"నేను కాక? కొలతంటే అలా ఉండాలి. సగందాకా కొలిచి, గుర్తు పెట్టుకుని, అక్కణ్ణుంచి మళ్ళీ కొలవాలి. అరవై ఇక్కడికి, పైన యాభై ఎనిమిది. కూడుకో. నీకు కూడికలొస్తే."

"అయ్యా, కాస్త ఆ గీత దగ్గర మీ టేపు పెట్టి చూడండి" అంది ఆవిడ ఫిట్టరుతో.

ఫిట్టరు పెట్టాడు. చూశాడు. మళ్ళీ చూశాడు. మొదటిసారి అతని మొహంలో ఏదో కదిలింది. "యాభై నాలుగు" అన్నాడు.

అప్పుడు టైలరమ్మ మెళ్ళోంచి టేపు తీసింది. పసుపు రంగు బట్ట టేపు. పని నేర్పిన పెద్దావిడ పదకొండేళ్ళ కిందట తన చేత్తో ఇచ్చింది. కొత్త టేపులు రెండు నెలల్లో సాగిపోతాయి, ఇది మటుకు వెంట్రుకవాసి సాగలేదు. కొస రేకు ఊడి దారాలు పీచులు లేస్తే, పారెయ్యడానికి మనసొప్పక, లెక్కకు సులువుగా ఉంటుందని సరిగ్గా ఆరు దగ్గర కత్తిరించింది. అప్పటినుంచి ఆవిడ టేపు ఆరుతోనే మొదలవుతుంది. నడుమైనా, భుజమైనా, ఏది కొలిచినా ఆరు తీసేసి చెప్పడం ఆవిడకు ఊపిరి తీసుకున్నంత అలవాటు. ఆ టేపు ముట్టుకోవద్దని ఇంట్లో అందరికీ చెప్పింది. ఎందుకో మాత్రం చెప్పలేదు. ఎవరూ అడగలేదు.

"రెండువారాల కిందట దీని మీద సున్నం అంటుకుని ఉంది. సున్నం ఎక్కణ్ణుంచి వచ్చిందా అని నేను తెగ ఆలోచించాను. ఇది ముట్టుకున్నారు కదూ?"

ఇంజనీరు గారు తేలు కుట్టిన దొంగలా నేలచూపులు చూశారు.

"అత్తయ్యా, దీని మొదట్లో అంకెంతో చూడండి" అంటూ ఆవిడ టేపు కొసను అత్తగారి ఒళ్ళో పెట్టింది.

అత్తగారు కళ్ళజోడు సవరించుకుంది. "ఆరు. ఒకటీ రెండూ ఏవే?"

"తెగిపోయాయి. మీ అబ్బాయి చివర చూశారు గాని మొదలు చూడలేదు. కింద ఒకసారి ఆరు, పైన ఒకసారి ఆరు. అడుగు ఎక్కడికి పోయిందో ఇప్పుడు తెలిసిందా?"

అత్తగారు బఠాణీల గిన్నె కింద పెట్టేసింది. పెట్టకపోతే నవ్వుకు ఒలికిపోయేవి. "ఒరేయ్, పెళ్ళాం పని గుడ్డముక్కలని నీ నోటితో నువ్వే అంటివి. ఆ గుడ్డ టేపే దొంగతనంగా తీసి ఇనప స్తంభాలు కొలిచావా? తాను దూర సందు లేదు గాని మెడకో డోలట!"

ఫిట్టరు నవ్వలేదు. కొనేవాడి ముందు నవ్వకపోవడం అతని వృత్తిలో భాగం. గోడవైపు తిరిగి పెన్సిలు గీతను చాలాసేపు పరిశీలించాడు. అంతలా చూడాల్సినది అందులో ఏమీ లేదు.

కాసేపటికి తనే దారి చెప్పాడు. ఇలాంటి పొట్టి గ్యారేజీలకు స్తంభాల్లేని లిఫ్టు వేరే ఉంటుంది. కత్తెరలా మడుచుకుని నేలమీదే పడుంటుంది. కారును నడుమెత్తుకు లేపుతుంది. కప్పు ముట్టుకోనక్కర్లేదు. పెట్టెలు ఇంకా పూర్తిగా విప్పలేదు కాబట్టి ఇవి వెనక్కి పంపి అది తెప్పించుకోవచ్చు. "ఇంటాయన ఊఁ అంటే నేను కంపెనీకి ఫోను చేస్తాను."

"ఊఁ అంటారు" అంది టైలరమ్మ.

ఇంజనీరు గారు నెత్తిమీది సున్నం దులుపుకుంటూ పైకి చూస్తున్నారు. ఫిట్టరు ఫోను తీసుకుని సిగ్నలు కోసం వీధి చివరిదాకా నడిచాడు. గది దక్కిందనుకుంది టైలరమ్మ. టేపు మెళ్ళో వేసుకుంది. రెండు మెట్లెక్కింది కూడా.

అప్పుడే గేటు ముందు వ్యాను ఆగింది. ఇద్దరు దిగారు. ఒకడి భుజాన తాళ్ళు, డ్రైవరు చేతిలో మడతపెట్టిన పాత దుప్పట్లు. అతనే జేబులోంచి కాగితం తీసి చదువుకుంటూ లోపలికొచ్చాడు.

"అమ్మా, కుట్టుమిషన్లు మూడు, బల్ల ఒకటి, బీరువా ఒకటి. పైగదేనా?"

టైలరమ్మ ఆ రెండు మెట్లూ దిగింది. కాగితం అందుకుంది. అక్షరాలు మొగుడివే. పంపేది: పై గది సామాను. చేర్చేది: ఆడపడుచు ఇంటి వెనక రేకుల గది. కారణం అన్నచోట, ఆఫీసు అలవాటు కాబోలు, పూర్తిగా రాశారు: 'పై గది నేల తొలగించుట నిమిత్తము'. అడుగున తారీఖు చూసింది. ఆదివారంది. ఇవాళ గురువారం. లిఫ్టు నిన్నగాని ఇంటికి రాలేదు. స్తంభం ఇవాళగాని కప్పుకు తగల్లేదు.

"ఆదివారం నాడే మీకెలా తెలుసు?" అంది.

జవాబు చెప్పింది అత్తగారు. ఈసారి ఆవిడ గొంతులో నవ్వు లేదు.

"ఆదివారం డాక్టరొచ్చాడే. నువ్వు ఆస్పత్రికి కొలతలకు వెళ్ళావు చూడు, అప్పుడు. లిఫ్టు ఎక్కడ పెడుతున్నావో చూపించమని వాడే ఇనప టేపు తెచ్చి కొలిచాడు. ఇది సరిపోదు, వద్దని చెప్పెయ్యి అన్నాడు. నీకు చెప్పొద్దన్నాడు వీడు. సిగ్గుపడుతున్నాడు కాబోలనుకున్నా. వ్యాను సంగతి నాకు తెలీదు, నా మీద ఒట్టు."

ఇక్కడితో ఈయనకు 'గారు' తీసేద్దాం. ఇంతసేపూ మర్యాదకు మోశాను, నా చేతులు కూడా నొప్పెడుతున్నాయి. వాడికి తెలుసు. నాలుగు రోజుల కిందటే తెలుసు. తప్పు కొలిచాడు, అది మనుషులు చేసేదే. తప్పని తెలిశాక లిఫ్టు వద్దంటే డాక్టరు నవ్వుతాడని, పెళ్ళాం గది కూల్చడానికి సిద్ధపడ్డాడు. తానుగా కూలుస్తానంటే ఆవిడ ఒప్పుకోదు. అందుకని ఫిట్టరును రప్పించి, స్తంభాన్ని లేపించి, కప్పుకు గుద్దించి, అయ్యో ఇంక గత్యంతరం లేదనిపించాలని చూశాడు.

"అంటే పొద్దున ఆ గుద్దు నాకు వినిపించాలనే గుద్దించారన్నమాట" అంది టైలరమ్మ.

"అరవకు. బయటివాళ్ళున్నారు."

"నేను అరవలేదు. మిమ్మల్ని చూసి అరవడం కూడా దండగే. ఇన్నేళ్ళూ మీరు చేతకాని మనిషనుకుని సర్దుకుపోయాను. చేతకానివాడితో కాపురం చెయ్యొచ్చు. లోకంలో సగంమంది చేస్తున్నారు. కాని మీరు పిరికివాళ్ళు. పక్కింటాయన నవ్వుకు భయపడి ఇంట్లో మనిషి కాళ్ళ కింద నేల లాగేసే పిరికివాళ్ళు."

"ఇల్లు నాది" అన్నాడు ఇంజనీరు. గొంతు కీచుమంది.

"ఇల్లు నాదిరా" అంది అత్తగారు.

కాని వాడు వినే స్థితిలో లేడు. "మీరు పైకెళ్ళి సామాను దించండి" అని వ్యాను వాళ్ళకు చెప్పాడు. ఆ ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. పాపం వాళ్ళ పని వాళ్ళది.

టైలరమ్మ పదిహేను మెట్లూ ఒక్క ఊపులో ఎక్కింది. గదిలోకి వెళ్ళి గడియ వేసింది. మూడు మిషన్లనీ ఒకసారి చూసుకుంది. బీరువాను తలుపుకు అడ్డం జరుపుదామని చూసి, కదలక, వదిలేసింది. తలుపు అవతల చెప్పుల చప్పుడు ఆగింది.

"అమ్మా, తలుపు తీస్తారా?" అన్నాడు డ్రైవరు, మొహమాటంగా.

"తియ్యను బాబూ. మీరు వెళ్ళిపోండి."

"సారు పిలిచారు కదమ్మా మరి. ఆయన పొమ్మంటేనే పోవాలి."

"అయితే మెట్ల మీద కూర్చోండి. నాకు పనుంది."

ఆవిడ నిజంగానే పనికి కూర్చుంది. సగంలో వదిలేసిన కాలరు సూది కిందికి లాగి పెడల్ తొక్కింది. కుట్టు వంకర పోలేదు. ఆ మాత్రం పని వచ్చు ఆవిడకు. కాలరు ఒక పక్క పూర్తయింది, తిప్పింది. అప్పుడు కింద నిచ్చెన విప్పిన చప్పుడయింది. ఆ తరవాత డ్రిల్లు మొదలయింది.

ఆ మోత ముందు అరికాళ్ళకు తెలిసింది, తరవాత పళ్ళకు. ఫిట్టరు ఇంకా వీధి చివరే ఉన్నాడు. మరి అతని డ్రిల్లు ఎవరి చేతిలో ఉన్నట్టు? ఆవిడకు జవాబు వెతుక్కోనక్కర్లేకపోయింది. "నా నేలకు నేను కన్నం కొడితే ఎవడాపుతాడో చూస్తా!" అని ఇంజనీరు కేక ఆ మోతలోంచే పైకొచ్చింది. టైరు మార్చడం రాని మనిషి నిచ్చెనెక్కి, నెత్తిమీది కప్పుకు డ్రిల్లు పెట్టి నొక్కుతున్నాడు. అదీ ఫిట్టరు వద్దన్న చోటే, దూలం పక్కనే.

పెడల్ పక్క నేల పలక టప్పున పగిలింది. పగిలిన చోట చిన్న గుట్టలా పైకి లేచింది. అందులోంచి ఎర్రటి ఇటుకపొడి కాదు, బూడిద రంగు సిమెంటు పొడి పొంగింది. తిరుగుతున్న ఇనప ములికి వేలెడంత బయటికొచ్చి, గిర్రున ఇంకో రెండు చుట్లు తిరిగి, ఉన్నట్టుండి టక్కున ఆగిపోయింది.

కింద గడగడమని నిచ్చెన కదిలిన మోత. ఏదో బరువైనది నేలమీద పడ్డ చప్పుడు. ఆ తరవాత ఏమీ లేదు. కేకా లేదు, తిట్టూ లేదు. డ్రిల్లు కూడా తిరగడంలేదు.

టైలరమ్మ కదలకుండా కూర్చుంది. ఎందుకో తనకే తెలియకుండా టేపు తీసి, పెడల్ అంచునుంచి ఆ ములికి దాకా పెట్టి చూసింది. టేపు పది చూపించింది. అంటే నాలుగు. ఆవిడ పాదానికీ దానికీ నాలుగంగుళాలు.

మూడో మిషను నాడు సోఫా. కిటికీ నాడు సోఫా. ఇవాళ నిచ్చెన. వెళ్ళి చూస్తే నేలమీద పడుకుని ఒక కన్ను సగం తెరిచి ఎవరెవరొచ్చారో లెక్కపెట్టుకుంటూ ఉంటాడని ఆవిడకు అనిపించింది. గడియ తీసిన మరుక్షణం ఆ ఇద్దరూ లోపలికొస్తారు, తాళ్ళు వేస్తారు, గంటలో గది ఖాళీ అవుతుంది. కాని ఈ మనిషికి నాటకమాడేటప్పుడు నోరు ఊరుకోదు. అమ్మో, అయ్యో, పోయాను అంటూ వీధి మొత్తానికీ చెబుతాడు. ఇవాళ ఆ నోరు మూతపడింది.

"సార్! సార్!" వీధిలోంచి పరుగెత్తుకొస్తున్న ఫిట్టరు గొంతు. తరవాత అదీ ఆగిపోయింది.

తలుపు మీద ఎవరో తట్టారు. డ్రైవరు తట్టినట్టు లేదు. మెల్లగా, అరచేత్తో.

"తల్లీ, తలుపు తియ్యమ్మా. ఈసారి నాటకం కాదు."

అత్తగారి గొంతు. మెట్ల కిందనుంచి కాదు, తలుపు అవతలి నుంచే. మధ్యలో ఆయాసంతో మాట తెగిపోతోంది. మోకాళ్ళ నొప్పులతో ఆరేళ్ళుగా గుమ్మం దాటి పైకి రాని మనిషి పదిహేను మెట్లెక్కి వచ్చింది. ఇరవై రెండేళ్ళలో ఏమే అని తప్ప పిలవని మనిషి తల్లీ అంటోంది.

టైలరమ్మ లేచింది. గడియ మీద చెయ్యి వేసింది.

సరిగ్గా అప్పుడే, అత్తగారి ఆయాసం వెనక, మెట్ల మీద వ్యాను వాళ్ళు తాళ్ళు విప్పి సిద్ధం చేసుకుంటున్న చప్పుడు వినిపించింది.